శరీరం బయట పేగు బతికే కొద్ది గంటలు

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసే సర్జన్ కణితిని మాత్రమే కోసి ఊరుకోరు. దానికి అటూ ఇటూ ఆరోగ్యంగా ఉన్న పేగును కూడా కొంత మేర కలిపి తీసేస్తారు. బరువు తగ్గించే బైపాస్ ఆపరేషన్లలోనూ ఒక్కోసారి చిన్నపేగు ముక్క బయటికొస్తుంది. రోగ నిర్ధారణకు కావలసిన భాగాన్ని పాథాలజిస్టు తీసుకున్నాక మిగిలింది మామూలుగా ఆస్పత్రి వ్యర్థాలతో పాటు దహనానికి పోతుంది. రోగి ముందుగానే పరిశోధనకు సమ్మతి ఇచ్చి ఉంటే మాత్రం ఆ మిగిలిన ముక్క దారి మారుతుంది. ఆక్సిజన్ పట్టించిన చల్లటి ఉప్పు ద్రావణంలో మునిగి, ఐసు డబ్బాలో ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడ దాన్ని బతికించి ఉంచగలిగేది కొన్ని గంటలే. ఆ గంటల్లోనే ఒక ప్రశ్నకు జవాబు రాబట్టాలి: పేగు గోడ దేన్ని లోపలికి రానిస్తుంది, దేన్ని ఆపుతుంది, ఎంత వేగంతో?

మింగిన మాత్రలోని మందు రక్తంలోకి ఎంత చేరుతుందన్నది ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. క్రోన్స్ వంటి దీర్ఘకాలిక పేగు జబ్బుల్లో బాక్టీరియా గోడ దాటి ఎలా చొరబడుతుందో తెలుసుకోవడానికీ ఇదే ఆధారం. ఈ దాటనిచ్చే గుణాన్ని శాస్త్రవేత్తలు పారగమ్యత అంటారు. కాగితం మీద అది ఒక చిన్న అంకె. ఆ అంకెను నమ్మాలా వద్దా అన్నది మాత్రం, కొలిచిన సమయంలో ఆ పేగు బతికి ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది.

ఒకే ఒక్క వరస కణాలు

తిన్న అన్నం పేగులో ఉన్నంతసేపూ ఒక రకంగా మన శరీరానికి బయటే ఉన్నట్టు. దానికీ మన రక్తానికీ మధ్య అడ్డుగా నిలిచేది ఒకే ఒక్క వరస కణాలు. ఆ వరస మందం మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు. చిన్నపేగు లోపలి గోడ మడతలు పడి, ఆ మడతల మీద మిల్లీమీటరు కంటే పొట్టిగా ఉండే చూషకాలు లేచి, వాటి మీది కణాలకు మళ్లీ సూక్ష్మమైన నూగు ఉండటం వల్ల దాని వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2014లో వేసిన లెక్క ప్రకారం జీర్ణనాళం లోపలి వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లు. అందులో పెద్దపేగు వాటా రెండు చదరపు మీటర్లే. ఇంత విశాలమైన కణాల వరస నాలుగైదు రోజులకోసారి దాదాపు మొత్తంగా కొత్తదవుతుంది.

ఈ వరసను దాటే దారులు ఒకటి కంటే ఎక్కువ. మెటోప్రొలోల్ వంటి కొవ్వులో కరిగే మందులు కణం పొరలోంచే దూరి అవతలికి పోతాయి. మానిటోల్, అటెనొలోల్ వంటి నీటిలో కరిగే చిన్న అణువులు రెండు కణాల మధ్య సందును వెతుక్కుంటాయి. ఆ సందును టైట్ జంక్షన్లు అనే ప్రొటీన్ బంధాలు బిగించి ఉంచుతాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలను వాహక ప్రొటీన్లు చేయిపట్టి లోపలికి తీసుకెళ్తాయి. ఇక పి-గ్లైకోప్రొటీన్ అనే పంపు డిగాక్సిన్ వంటి మందులను లోపలికి వచ్చీ రాగానే వెనక్కి, పేగులోకే, నెట్టేస్తుంది.

సందును బిగించి ఉంచడానికి, గ్లూకోజును లాగడానికి, మందును వెనక్కి నెట్టడానికి, అన్నింటికీ శక్తి ఖర్చవుతుంది. పేగు అడ్డుగోడ నిలబడి ఉండటమంటే క్షణక్షణం జరుగుతున్న శ్రమ. ఆ శ్రమ ఆగిన మరుక్షణం నుంచి మనం కొలిచేది మరేదో అవుతుంది.

మొదట వాడిపోయేది చూషకం కొస

కణాలకు ఆ శక్తినిచ్చే అణువు ఏటీపీ. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. పేగు పోషకాలను పీల్చుకోలేకపోయే స్ప్రూ జబ్బు సుబ్బారావు సోదరులను బలి తీసుకుంది. ఆయన్నూ పీడించింది. పేగు ముక్క బతికుందో లేదో తేల్చడానికి ప్రయోగశాలలు ఈనాడు కొలిచే వాటిలో ఆ ఏటీపీ కూడా ఒకటి.

రక్తనాళాన్ని కట్టివేసిన క్షణం నుంచి కణజాలానికి ఆక్సిజన్ అందదు. ఉన్న ఏటీపీ వేగంగా తరిగిపోతుంది. సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడే పంపు మందగిస్తుంది. సోడియం కణంలో చేరిపోయి, దాని వెంట నీరు చేరి, కణం ఉబ్బుతుంది. శరీరంలోని కణజాలాలన్నిటికీ ఇదే గతి అయినా పేగు చాలా కణజాలాల కంటే త్వరగా దెబ్బతింటుంది. కారణం చూషకం నిర్మాణంలోనే ఉంది. దాని నడుమ నుంచి ధమని పైకి వెళ్తుంది, పక్కనే సిర కిందికి దిగుతుంది. రెండూ అతి దగ్గరగా ఉండటంతో పైకి పోవలసిన ఆక్సిజన్‌లో కొంత మొదట్లోనే సిరలోకి జారిపోతుంది. పంటకాలువ చివరి ఆయకట్టుకు మంచి ఏడాదిలో కూడా నీరు అంతంతమాత్రంగానే అందినట్టు, చూషకం కొసకు ఎప్పుడూ ఆక్సిజన్ తక్కువే. సరఫరా తగ్గితే మొదట వాడిపోయేదీ అదే.

సూక్ష్మదర్శిని కింద ఈ నాశనం ఒక క్రమంలో కనబడుతుంది. ముందు చూషకం కొసన కణాల వరస కింద ద్రవం చేరి చిన్న ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ పెరిగి కణాల వరస తొడుగులా లేచిపోతుంది. తర్వాత కొస నగ్నమవుతుంది, చివరకు చూషకమే కరిగిపోతుంది. 1970లో చియు, ఆయన సహచరులు ఈ క్రమాన్ని సున్నా నుంచి ఐదు దాకా అంచెలుగా విభజించారు. ఈ రంగంలో పనిచేసేవారిలో చాలామంది నేటికీ తమ పేగు ముక్కలకు ఆ కొలబద్దతోనే మార్కులు వేస్తారు.

అయితే పేగుకు కోలుకునే శక్తి కూడా ఆశ్చర్యపరిచేంత ఉంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు, ఆపరేషన్‌లో ఎలాగూ తొలగించక తప్పని చిన్నపేగు భాగానికి రోగి శరీరంలో ఉండగానే అరగంట పాటు రక్తాన్ని ఆపి, మళ్లీ వదిలి చూశారు. దెబ్బతిన్న కణాలను పేగు రాల్చేసి, మిగిలిన వాటిని దగ్గరకు లాక్కుని, తక్కువ సమయంలోనే గోడను మూసేసుకుంది. అంటే తొలి నష్టం తిరిగిరానిదేమీ కాదు. ఆక్సిజన్ మళ్లీ ఎంత త్వరగా అందించామన్నదే ముఖ్యం. ప్రయోగశాల పద్ధతులన్నీ ఈ ఆశ మీదే కట్టుకున్నవి.

కప్ప చర్మంతో మొదలు

శరీరం నుంచి వేరుచేసిన పొరను బతికించి, దాన్ని దాటే ప్రవాహాన్ని కొలిచే పద్ధతికి పునాది వేసినవారు కోపెన్‌హేగెన్‌కు చెందిన హాన్స్ ఉస్సింగ్. 1911లో పుట్టిన ఆయన కప్ప చర్మంతో పనిచేశారు. రెండు చిన్న గదుల మధ్య కప్ప చర్మాన్ని తెరలా బిగించి, రెండు వైపులా ఒకే ద్రావణం నింపారు. రెండు పక్కలా ఒకే సాంద్రత ఉన్నా చర్మం సోడియాన్ని ఒకే దిశలో లాగుతూ, తన రెండు ముఖాల మధ్య విద్యుత్ తేడాను పుట్టిస్తూనే ఉంది. బయటి నుంచి విద్యుత్తును పంపి ఆ తేడాను సున్నాకు తెస్తే, అందుకు కావలసిన కరెంటు చర్మం దాటిస్తున్న సోడియానికి సమానమని 1951లో ఆయన, కార్ల్ జెరాన్ కలిసి చూపించారు. బతికున్న పొర పనిని తీగల్లో పారే కరెంటుగా చదవడం సాధ్యమైంది. ఆ పరికరానికి ఉస్సింగ్ ఛాంబర్ అన్న పేరు స్థిరపడింది.

పేగుతో ఈ పద్ధతి కలిసినప్పుడు మానవాళికి ఒక గొప్ప మేలు జరిగింది. గ్లూకోజు, సోడియం జంటగా కణంలోకి ప్రవేశిస్తాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. 1964లో షుల్జ్, జలుస్కీ కుందేలు పేగును ఉస్సింగ్ ఛాంబర్‌లో పెట్టి, పేగు లోపలి వైపున గ్లూకోజు కలపగానే కరెంటు పెరగడం చూపించారు. చక్కెర వెంట ఉప్పు, ఉప్పు వెంట నీరు వస్తాయన్న ఆ అవగాహనే ఓఆర్ఎస్‌కు శాస్త్రీయ పునాది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఆ ద్రావణమే తాగించి వేల ప్రాణాలు నిలిపారు. విరేచనాలతో వడలిన పసిబిడ్డ నోట్లో తల్లి పోసే ప్రతి చెంచా వెనకా, గాజు గదుల మధ్య బతికించిన ఒక పేగు ముక్క ఉంది.

ఐసు డబ్బా నుంచి గాజు గదికి

కప్ప చర్మం మొండిది. చల్లటి గదిలో సాదా ఉప్పునీటిలో గంటల తరబడి పనిచేస్తుంది. మనిషి పేగు అలా కాదు. 37 డిగ్రీల దగ్గర దాని ఆకలి విపరీతం. అందుకే మొదటి పని దాన్ని చల్లార్చడం. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోయినప్పుడల్లా కణం ఖర్చు దాదాపు సగమవుతుంది. ఐసు చలిలో అది శరీరంలోని ఖర్చులో పదో వంతుకు దిగుతుంది. కానీ అదే చలి సోడియం పంపును కూడా ఆపేస్తుంది కాబట్టి చల్లబరచడం సమయాన్ని పెంచుతుందే తప్ప ప్రాణాన్ని పోయదు. అవయవ మార్పిడి కోసం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ రూపొందించిన ద్రావణంలో కణంలోకి దూరలేని పెద్ద అణువులను కలపడం, చలిలో కణాలు ఉబ్బకుండా ఆపడానికే. ఇక ముక్కను గడ్డకట్టించడం పనికిరాదు. మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చేస్తాయి.

ప్రయోగశాలకు చేరగానే పేగును నిలువునా కోసి విప్పుతారు. లోపలి మురికిని ద్రావణం పారించి మెల్లగా కడుగుతారు. గట్టిగా రుద్దితే కణాలను కప్పి ఉండే జిగురు పొరతో పాటు కణాలు కూడా లేచివస్తాయి. తర్వాత అసలైన చేతిపని. వెనక ఉన్న కండరాల పొరను సన్నటి చిమటాలతో, కత్తెరతో కొద్దికొద్దిగా ఒలిచేస్తారు. ఇక్కడ రక్తప్రసరణ లేదు. ఆక్సిజన్ ద్రావణం నుంచి పాకి రావలసిందే, అలా పాకగలిగేది మిల్లీమీటరులో కొద్ది వంతులే. కండరం ఉంటే అది ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది, పైగా దాటివచ్చిన మందును తనలో పట్టేసుకుని ప్రవాహాన్ని తక్కువగా చూపిస్తుంది. అలా ఒలవడంలో చేయి కాస్త తప్పినా లోపలి కణాల పొరకే చిల్లుపడుతుంది. నిపుణుల చేతిలో ఇది కొద్ది నిమిషాల పని, నేర్చుకునేవారికి నెలల సాధన.

కండరం ఒలిచాక మిగిలిన పొరను గదుల మధ్య బిగించేటప్పుడు మరో చిక్కు ఉంది. రంధ్రం అంచున పొర నలుగుతుంది, నలిగినచోట కారుతుంది. రంధ్రం ఎంత చిన్నదైతే మొత్తం వైశాల్యంలో ఆ నలిగిన అంచు వాటా అంత పెద్దది. సాధారణంగా చదరపు సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే రంధ్రాలు వాడటానికి ఒక కారణం ఇదే. ఎండోస్కోపీలో తీసిన రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలకు ప్రత్యేకమైన అమరికలు కావాలి.

రెండు గదుల్లో నింపేది క్రెబ్స్ ద్రావణం. అందులో ప్రతి దినుసుకూ పని ఉంది. 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాయువును బుడగలుగా పంపుతారు. మామూలు గాలి ఇచ్చే దానికంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ ద్రావణంలోని బైకార్బొనేట్‌తో కలిసి పీహెచ్‌ను 7.4 దగ్గర నిలుపుతుంది. బుడగలే ద్రావణాన్ని తిప్పుతూ పేగు ముఖం దగ్గర పేరుకునే కదలని నీటి పొరను పలచబరుస్తాయి. 1988లో గ్రాస్, స్వీటానా మందుల పరిశోధన కోసం ఉస్సింగ్ ఛాంబర్‌కు చేసిన మార్పులో ఈ బుడగల ప్రవాహమే ముఖ్యమైన అంశం. కాల్షియం లేకపోతే టైట్ జంక్షన్లు విడిపోతాయి కాబట్టి అది తప్పనిసరి. కానీ వాయువు పట్టించకముందే వేస్తే తెల్లగా అడుగున పేరుకుంటుంది, అందుకని చివరలో కలుపుతారు. రక్తం వైపు గదిలో ఆహారంగా గ్లూకోజు ఉంటుంది. పేగు లోపలి వైపు మాత్రం దానికి బదులు అంతే సాంద్రతలో మానిటోల్ వేస్తారు. అటువైపు కూడా గ్లూకోజు ఉంటే సోడియం ప్రవాహం మొదలై మూలకొలతే మారిపోతుంది. కోత దెబ్బకు కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్లు పుట్టి స్రావాన్ని రెచ్చగొట్టకుండా కొందరు ఇండోమెథాసిన్ కూడా కలుపుతారు.

బతికే ఉందని రుజువు ఏది?

బిగించాక ఇరవై, ముప్పై నిమిషాలు పేగును కుదుటపడనిస్తారు. ఆ తర్వాత దాన్ని ప్రశ్నిస్తారు. రెండు ముఖాల మధ్య విద్యుత్ తేడా నిలిచి ఉందా? ఉంటే పంపులు పనిచేస్తున్నట్టు. నిరోధం ఎంత? చిన్నపేగు సహజంగానే కాస్త కారే రకం, దాని నిరోధం తక్కువ. పెద్దపేగుది ఎక్కువ. అయితే నిరోధం ఒక్కటే చూసి తృప్తిపడకూడదు. ఒలవకుండా మిగిలిన కింది పొరలు కూడా తమ వంతు నిరోధాన్ని కలిపి, దెబ్బతిన్న గోడను బాగున్నట్టు చూపించగలవు.

అందుకే ఒకదానికొకటి సాక్ష్యంగా నిలిచే పరీక్షలు చేస్తారు. మానిటోల్, ఎఫ్ఐటీసీ-డెక్స్‌ట్రాన్ వంటి సూచక అణువులు సందుల గుండా ఎంత కారుతున్నాయో ప్రయోగం పొడవునా చూస్తారు. ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ద్రావణంలోకి వస్తుంటే కణాలు పగులుతున్నాయని అర్థం. చివరగా ఫోర్స్‌కోలిన్ అనే పదార్థం కలుపుతారు. బతికున్న కణాలు క్లోరైడును స్రవించి కరెంటును పైకి లేపుతాయి. చిన్నపేగైతే లోపలి వైపు గ్లూకోజు వేసినా కరెంటు లేవాలి. ఆ స్పందన రాని ముక్క తాలూకు కొలతలన్నింటినీ పక్కన పెట్టేస్తారు. పక్కనే ఉన్న మరో ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి చియు మార్కు వేస్తారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మనిషి పేగును సాధారణంగా రెండు మూడు గంటలకు మించి నమ్మరు.

ఇంత కచ్చితత్వం ఎందుకంటే, చనిపోతున్న పేగు చెప్పే అబద్ధాలు ఒకే దిశలో ఉండవు. సందులు వదులైతే అటెనొలోల్ వంటి మందు అసలు కంటే ఎక్కువగా దాటినట్టు కనబడుతుంది. వాహక ప్రొటీన్ల శక్తి తగ్గితే వాటి మీద ఆధారపడ్డ మందు తక్కువగా దాటినట్టు కనబడుతుంది. ఏటీపీ లేక పి-గ్లైకోప్రొటీన్ ఆగిపోతే, శరీరం వెనక్కి నెట్టే మందు కూడా సాఫీగా లోపలికి పోతున్నట్టు అనిపిస్తుంది. కొవ్వులో సులువుగా కరిగే మందు విషయంలో మాత్రం బతికున్న పేగుకూ చచ్చిన పేగుకూ పెద్ద తేడా తెలియకపోవచ్చు. అన్నీ కలిసిన పట్టికలో ఏ తప్పు ఎటు లాగిందో తర్వాత ఎవరూ విడదీయలేరు. ఒకే గుణకంతో హెచ్చవేసి సరిదిద్దుకునే దోషం కాదిది.

పేగు ఇచ్చిన జవాబులు

స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ పరిశోధకులు క్రోన్స్ రోగుల చిన్నపేగు చివరి భాగాన్ని ఇలా పరీక్షించారు. పైకి వాపు కనిపించని చోట తీసిన ముక్కల్లో కూడా, సోడియం కాప్రేట్ అనే పదార్థం తగలగానే టైట్ జంక్షన్లు క్రోన్స్ లేనివారి పేగులో కంటే త్వరగా వదులయ్యాయి. కంటికి పుండు కనబడని చోట కూడా గోడలో బలహీనత దాగి ఉందన్నమాట. ఇన్సులిన్ వంటి పెద్ద అణువులను మాత్రగా ఇవ్వాలని ప్రయత్నించేవారు కూడా ఇదే పేగు గోడను అడగాలి: సందును కాసేపు తెరిస్తే మందు దాటుతుందా, ఆ తర్వాత గోడ మళ్లీ మూసుకుంటుందా?

మందుల నియంత్రణలోనూ దీనికి చోటు దక్కింది. కరిగే గుణం, పేగును దాటే గుణం ఆధారంగా మందులను నాలుగు తరగతులుగా విడదీసే పద్ధతిని 1995లో గోర్డన్ ఆమిడాన్ బృందం ప్రతిపాదించింది. రెండు గుణాలూ బాగున్న మందుకు కొన్ని షరతుల మీద మనుషుల్లో పోలిక పరీక్ష లేకుండానే అనుమతి పొందే వీలు దానితో వచ్చింది. శరీరం నుంచి తీసిన పేగు కణజాలంతో పారగమ్యత కొలవడాన్ని అమెరికా ఎఫ్‌డీఏ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అంగీకరించిన పద్ధతులలో చేర్చింది. జెనరిక్ మందులకు పెట్టింది పేరైన హైదరాబాద్‌లో ఈ తరగతుల గురించి తెలియని ఫార్ములేషన్ శాస్త్రవేత్త ఉండరు.

రోజువారీ పనికి ప్రయోగశాలలు ఎక్కువగా వాడేది కాకో-2 కణాలు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన ఈ కణాలు సుమారు 21 రోజుల్లో పొరలా పరుచుకుంటాయి. ఇవి చవక, నిలకడైనవి, ఎన్ని కావాలంటే అన్ని. కానీ వాటికి జిగురు పొర లేదు, సందులు మరీ బిగువు, మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైము చాలా తక్కువ. 2009లో హాన్స్ క్లెవర్స్ బృందం మూలకణం నుంచి పెంచిన చిన్ని పేగు నమూనాలు, ఆ తర్వాత వచ్చిన చిప్ మీది పేగు ఈ లోటును పూడుస్తున్నాయి. అయినా జిగురు, నరాలు, రోగనిరోధక కణాలు, రకరకాల కణాల పొత్తు అన్నీ ఉన్న చోటు అసలు పేగే. కొత్త నమూనా ఎంత నిజమో తేల్చుకోవాలంటే దాన్ని పోల్చవలసింది కూడా బతికున్న ఆ పేగుతోనే.

ఇచ్చినవారి రుణం

మనిషి పేగు ప్రతిసారీ ఒకేలా ఉండదు. వయసు, జబ్బు, ఆపరేషన్‌కు ముందు వాడిన మందులు, పేగులో తీసిన చోటు, మత్తు ఇచ్చిన సమయం, ఇవన్నీ కొలతను మారుస్తాయి. ఈ వైవిధ్యాన్ని లోపంగా చూడనక్కర లేదు. మందు మింగే మనుషుల్లోనూ ఆ తేడాలే ఉంటాయి. కాకపోతే ప్రతి ముక్కతో పాటు దాని చరిత్ర నమోదు కావాలి. రక్తనాళం కట్టిన నిమిషం, ద్రావణంలో పడిన నిమిషం, ఛాంబర్‌లో బిగించిన నిమిషం రాసి ఉండాలి. ఇది ప్రయోగశాల ఒక్కదాని వల్ల కాదు. సర్జన్, థియేటర్ నర్సు, పాథాలజిస్టు, ఐసు డబ్బా మోసుకెళ్లే టెక్నీషియన్ ఒకే మాట మీద ఉండాలి. రోగ నిర్ధారణకు కావలసిన భాగం ముందు, పరిశోధన తర్వాత అన్న వరస ఎన్నడూ తారుమారు కాకూడదు.

ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు శరీరం నుంచి తీసిన నమూనాల వాడకానికి కూడా వర్తిస్తాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం, రోగి సమ్మతి అందులో మూలసూత్రాలు. ఆపరేషన్ భయంలో ఉన్న మనిషి ముందు ఇంగ్లీషు కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి అనిపించుకోదు. మీ పేగులో తీసేసిన భాగాన్ని కొన్ని గంటలు బతికించి మందులు ఎలా దాటుతాయో చూస్తాం, మీ వైద్యంలో దీనివల్ల ఏ మార్పూ ఉండదు, వద్దనే హక్కు మీకుంది అని తెలుగులో, తీరుబడిగా చెప్పాలి. అర్థమైతే సాయం చేయడానికి మన రోగులు వెనకాడతారని నేననుకోను.

అలా ఇచ్చిన దానికి మనం తీర్చగల రుణం ఒకటే, ఆ ముక్క నుంచి వచ్చిన అంకె నిజమైనదిగా ఉండటం. పారగమ్యత విలువ అచ్చయిన ప్రతిచోటా దాని పక్కనే ఆ కణజాలం బతికి ఉందనడానికి రుజువులు కూడా అచ్చు కావాలి: విద్యుత్ తేడా, సూచక అణువుల లెక్క, చివరి స్పందన, సూక్ష్మదర్శిని మార్కు, గడిచిన నిమిషాలు. పక్కన పెట్టేసిన ముక్కలెన్నో కూడా చెప్పాలి. పరిశోధన పత్రాలు చదివేవారు, మందుల కంపెనీల్లో నిర్ణయాలు తీసుకునేవారు, విద్యార్థుల థీసిస్‌లు దిద్దే ఆచార్యులు, ఈ రుజువులు లేని అంకెను వెనక్కి పంపే అలవాటు చేసుకోవాలి. ఆ అంకె ఆధారంగానే రేపు ఎవరో ఒకరి మాత్రలో మందు మోతాదు నిర్ణయమవుతుంది.